ఉద్దెర బుక్కు

నా కొట్టుకు బోర్డు లేదు.
మల్లేపల్లి రోడ్డు మీద పంచర్ షాపు దాటినంక
రేకుల షెడ్డు, నీలం పరదా,
పరదా ఎనక ఒక ఫ్రిజ్జు. అంతే.
పిల్లలకు బిస్కెట్లు ముందట దొరుకుతయి,
వాళ్ల నాయినలకు కావాల్సింది ఎనక.

నాకు రాయొస్తది. ఏడు దాక చదివిన.
పేరు, తారీఖు, క్వార్టరా ఆఫా,
తీర్చినోళ్ల మీద ఒక గీత.
ఉప్పలయ్యది పన్నెండో పేజీ.

బత్తాయి లారీలకు లోడెత్తుతడు.
చేతులకెప్పుడూ తొక్క వాసన,
పైసలిచ్చిన్నాడు నోట్లకు కూడ అదే వాసన.
ఆ శుక్రారం మూడు రాయించుకున్నడు.
మూడోదానికి మూత నేనే తీసిచ్చిన,
చెయ్యి జారుతుందంటే.
"బండి ఈడ పెట్టి పో" అన్ననా?
రోజూ అనే మాటే,
ఆ రోజు అన్ననో లేదో యాదికి లేదు.
బండి చప్పుడు యాదికుంది.
కిక్కు, కిక్కు, కిక్కు, నాలుగోసారికి పట్టింది.
ఆ మూడు కిక్కుల నడుమ
నేను చిల్లర లెక్కవెట్టుకుంటున్న.

మూలమలుపు కాడ వడ్లు ఆరబోసిండ్రు.
సగం రోడ్డు వడ్లు, మీద నల్ల పట్టా,
పట్టా ఎగరకుండ చుట్టూ రాళ్లు.
రాత్రి పూట రోడ్డూ నలుపే, పట్టా నలుపే.
తెల్లారి చూస్తే ఒక రాయి పక్కకు జరిగుంది,
ఒక చెప్పు వడ్లల్ల కూరుకపోయింది.
వడ్లు ఎవరివో వాళ్లు చాట తెచ్చి
ఎర్రగైన కాడికి తీసి అవతల పోసిండ్రు.
కోళ్లొచ్చినయి.

తాగిండా అని ఎస్సై అడిగిండు.
ఊరు ఊరంత తలకాయ అడ్డం ఊపింది.
ఇన్సూరెన్సు కాయితముంది,
తాగిండంటే పైస రాదంట,
ఇద్దరు చిన్న పోరగాండ్లు.
దవాఖానల కోసిన డాక్టరు ఏం రాసిండో గాని
మేమందరం రాయి పేరే చెప్పినం.
రాయికి ఇల్లు లేదు, వాకిలి లేదు,
కాదనేతందుకు నోరు లేదు.
నన్నడిగితే, నీళ్ల పాకిటు కొన్నడన్న.

ఐదోనాడు రాత్రి, ఎవరు చూడకుండ, శోభ వచ్చింది.
నా పరదా లేపి లోపలికొచ్చిన మొదటి ఆడామె.
కూసోమంటే కూసోలే.
"మా ఆయినవి ఎన్నున్నయక్కా?"
ఆరువందల నలబై.
కొంగు ముడి ఇప్పి లెక్కవెట్టింది.
వద్దంటననుకున్న. తీసుకున్న.
అది కూడ చెప్పాలె గద.
"ఇగ ఆ కాయితం చింపియ్యి" అన్నది.
చింపిన. నాలుగు మడతలు పెట్టి రైకల దోపుకున్నది.
పోతా పోతా ఫ్రిజ్జు దిక్కు చూసింది.
తిట్టలే.
తిడితే బాగుండు.

దినాలకు రెండు కాటన్లు కావాల్నని మరిది వచ్చిండు.
పాలోళ్లొస్తరు, చుట్టాలొస్తరు,
పొయ్యకపోతే మాటొస్తది.
ఉద్దెరకే.
పన్నెండోది పోయినంక పదమూడో పేజీ పైకొచ్చింది.
నేను పెన్ను ఒత్తి రాసే మనిషిని.
బల్బు కింద బుక్కు వంచి చూస్తే
తెల్ల కాయితం నిండ గుంటలు:
ఉప్పలయ్య, ఉప్పలయ్య, ఉప్పలయ్య.
అన్నిటికన్న కింద శుక్రారం, మూడు.
వేలు పెడితే తగులుతున్నయి.
ఆ గుంటల మీదనే మరిది పేరు రాసిన.

టెంటు కింద యాటకూర అయిపోయింది,
ప్లాస్టిక్ గిలాసలు గాలికి దొర్లుతున్నయి,
చనిపోయినాయన మంచోడని పదిసార్లనుకున్నరు.
ఇగ లేస్తున్నరు.
కిక్కు. కిక్కు.
నేను ఉరికిన.
చీర కుచ్చిళ్లు పట్టుకోని, చెప్పులు లేకుండ,
ఏ బండి ఎవనిదో చూడకుండ
చేతికందిన తాళంచెవి గుంజుకున్న.
ఒక్కటే దొరికింది.
వాడెవడో దేవరకొండ పోవాల్సినోడు
నా తల్లిని, నా కొట్టును, నా పుట్టుకను
నడి వాకిట్ల నిలబెట్టి తిడుతుండు.
తిట్టనీ.
పిడికిట్ల తాళంచెవి ఇంక వెచ్చగనే ఉంది.

మిగతా బండ్ల ఎర్ర లైట్లు
మలుపు దిక్కు పోతున్నయి.
వడ్లు ఇంక ఎత్తలే.